అమియోడరోన్ ఆపాక సోటలాల్ మొదలుపెట్టడానికి పట్టిన 22 వారాలు: ఒక కేసు

ఈ కేసులో మొదటి తప్పు నాది. అందుకని అక్కడే మొదలుపెడతాను. ఒక ఆదివారం రాత్రి వాట్సాప్‌లో ఈసీజీ ఫోటో వచ్చింది. పంపింది పేషెంటు కొడుకు. "అమ్మకి మళ్ళీ దడగా ఉందంటోంది సార్, మాత్ర రోజూ వేసుకుంటూనే ఉంది" అని కింద రాశాడు. ఫోటోలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం), గుండె వేగం 120కి పైన. నేను భోజనం దగ్గర ఉన్నాను. గుండె లయని పట్టి ఉంచడానికి నేను పెట్టిన అమియోడరోన్ 200 మిల్లీగ్రాములు చాలడం లేదనుకున్నాను. రోజుకి 400 చెయ్యమని, పది రోజుల్లో వచ్చి కనబడమని జవాబు పెట్టాను. వాళ్ళు వచ్చేసరికి మూడు వారాలైంది.

ఆవిడకి 54 ఏళ్ళు. కోస్తాలో ఒక చిన్న పట్నంలో భర్తతో కలిసి కర్రీ పాయింట్ నడుపుతారు. చిన్నప్పుడు కీళ్ళవాత జ్వరం వచ్చి మైట్రల్ వాల్వ్ పాడైంది. తొమ్మిదేళ్ళ కిందట ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేసి లోహపు వాల్వ్ పెట్టారు. అప్పట్నుంచీ రక్తం పలచబడే మాత్ర, అసినోకౌమరాల్, రోజూ ఉంది. రెండేళ్ళ కిందట దడ మొదలైంది. దడ వచ్చినప్పుడల్లా ఊపిరితిత్తుల్లో నీరు చేరి రాత్రంతా కూర్చునే ఉండాల్సొచ్చేది. అలా రెండుసార్లు ఐసీయూలో పడ్డాక అమియోడరోన్ పెట్టాను. ఆ మందుతో ఏడాదిన్నర హాయిగా గడిచింది. (రాయడానికి ఆవిడ అనుమతి ఉంది. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.)

ఓపీలో కుర్చీలో కూర్చోగానే నాకు కనిపించింది గుండె కాదు, చేతివేళ్ళు. చెయ్యి చాపమని వేళ్ళ మీద కాగితం పెడితే గాలికి ఊగినట్టు ఊగింది. బరువు 52 కిలోల నుంచి 45కి దిగింది. అరచేతులు తడి. నవంబరు నెలలో ఏసీ గదిలో చెమటలు. చిగుళ్ళలో రక్తం, మోచేతి దగ్గర నల్లగా కమిలిన మచ్చ. ఆవిడ మాత్రం "పెళ్ళి పనుల్లో తిరిగి నీరసం అంతే డాక్టరుగారూ" అన్నారు.

థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 0.01 కంటే తక్కువ, ఫ్రీ టీ4 దాదాపు మూడింతలు. అంటే థైరాయిడ్ హార్మోన్ మితిమీరింది; వణుకు, చెమటలు, దడ అన్నీ దాని పనే. రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ 5.8. ఆవిడకి ఉండాల్సింది 2.5 నుంచి 3.5 మధ్య. ఫైలు వెనక్కి తిప్పి చూశాను. చివరి థైరాయిడ్ పరీక్ష 14 నెలల కిందటిది. అమియోడరోన్ మీదున్న వాళ్ళకి ఆరు నెలలకొకసారి చేయించాలని ప్రతి జూనియర్‌కీ చెప్పే నేను, రెండు విజిట్లలో రాయడం మర్చిపోయాను. అంటే దడ తిరగబెట్టింది మందు చాలక కాదు, మందు వల్లే. దానికి నేను చేసిన వైద్యం అదే మందుని రెట్టింపు చెయ్యడం.

థైరాయిడ్ గురించి కాస్త చెప్పాలి. అమియోడరోన్ 1961లో బెల్జియంలో ఛాతీ నొప్పి కోసం తయారైన మందు. గుండె లయని సరిచేస్తుందని తర్వాత తెలిసింది. దాని బరువులో 37 శాతం అయోడినే. 200 మిల్లీగ్రాముల బిళ్ళలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. అందులో రోజుకి దాదాపు 6 మిల్లీగ్రాములు విడిపోయి రక్తంలో కలుస్తుంది. మనిషికి రోజుకి కావలసింది 150 మైక్రోగ్రాములు. ఆవిడ వంటమనిషి కాబట్టి ఉప్పు లెక్కలో చెప్పాను: మన ఇంటికొచ్చే అయోడైజ్డ్ ఉప్పు కిలోలో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నియమం. ఆ లెక్కన ఒక్క మాత్ర దాదాపు 400 గ్రాముల ఉప్పులో ఉండే అయోడిన్‌ని రోజూ ఒంట్లోకి పంపుతోంది. "అమ్మో, అది ఇరవై కేజీల కూరకి సరిపోయే ఉప్పు" అన్నారు. లెక్క నాకంటే ఆవిడకే బాగా అర్థమైంది.

ఈ రకం థైరాయిడ్ జబ్బు రెండు దారుల్లో వస్తుంది. ఎక్కువైన అయోడిన్‌తో గ్రంథి అతిగా హార్మోన్ తయారుచెయ్యడం ఒకటి. మందు విషంలా పనిచేసి గ్రంథి కణాలు చితికి, నిల్వ ఉన్న హార్మోన్ బయటికి కారిపోవడం రెండోది. మొదటి దానికి కార్బిమజోల్, రెండోదానికి స్టెరాయిడ్. డాప్లర్ స్కాన్‌లో గ్రంథిలో రక్తప్రసరణ దాదాపు కనపడలేదు, గడ్డలు లేవు. రెండో రకమే అని ఎండోక్రైన్ మిత్రుడు తేల్చాడు. ప్రెడ్నిసొలోన్ 30 మిల్లీగ్రాములు, గుండె వేగానికి ప్రొప్రనలాల్ మొదలుపెట్టాం. అమియోడరోన్ ఆపేశాం. రక్తం పలచబడే మాత్ర రెండు రోజులు ఆపి తక్కువ మోతాదులో మళ్ళీ ఇచ్చాం. లోహపు వాల్వ్ ఉన్న మనిషికి రక్తం మరీ పలచబడ్డా ప్రమాదమే, చిక్కబడ్డా ప్రమాదమే. అందుకని విటమిన్ కె ఇంజక్షన్ జోలికి వెళ్ళలేదు.

ఇక అసలు ప్రశ్న: అమియోడరోన్ బదులు ఏది?

ఫ్లెకైనైడ్ మొదటే పక్కన పెట్టాను. గుండెపోటు వచ్చినవాళ్ళలో అది మరణాల్ని పెంచిందని 1989లో కాస్ట్ అధ్యయనంలో బయటపడ్డాక, గుండె నిర్మాణంలో లోపం ఉన్నవాళ్ళకి దాన్ని వాడకూడదనేది స్థిరపడింది. డ్రోనెడరోన్ అంటే అయోడిన్ తీసేసిన అమియోడరోన్ అనుకోవచ్చు. కానీ గుండె బలహీనపడి ఆస్పత్రి పాలైన వాళ్ళలో అది మరణాల్ని పెంచింది, ఏఎఫ్ శాశ్వతమైపోయిన వాళ్ళలోనూ హాని చేసింది. ఆవిడ ఊపిరితిత్తుల్లో నీటితో రెండుసార్లు ఐసీయూ చూసి వచ్చారు. నాకు ధైర్యం చాలలేదు. అబ్లేషన్ (గుండె లోపల దడ పుట్టే చోటుని కాల్చడం) అంటే, లోహపు మైట్రల్ వాల్వ్ పక్కన కేథటర్ అనే సన్నటి గొట్టం తిప్పాలి. అది వాల్వ్‌లో చిక్కుకునే ప్రమాదం ఉంది. లయని వదిలేసి వేగం మాత్రం అదుపులో పెడితే సరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. చాలామందికి సరిపోతుంది. ఆవిడకి ఏఎఫ్‌లోకి వెళ్ళిన ప్రతిసారీ ఊపిరాడలేదు కాబట్టి అది చివరి మెట్టుగా ఉంచాను.

మిగిలింది సోటలాల్. గుండె పంపింగ్ 58 శాతం, అంటే మామూలే, కిడ్నీలు బాగున్నాయి, ఆస్తమా లేదు. కాగితం మీద సరిగ్గా సరిపోయే మందు. "అయితే రేపట్నుంచి అదే వేసుకోమంటారా?" అని కొడుకు అడిగాడు. చాలాచోట్ల జరిగేదీ అదే. చీటీలో ఒక పేరు కొట్టేసి దాని కింద ఇంకో పేరు రాస్తారు. చాలా బీపీ మాత్రలకి అది చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు.

అమియోడరోన్ కొవ్వులో, లివర్లో, ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుని కూర్చుంటుంది. దీర్ఘకాలం వాడి ఆపేశాక రక్తంలో దాని మోతాదు సగానికి దిగడానికి సగటున 50 రోజుల పైన పడుతుంది. కొందరిలో వంద రోజులు దాటుతుంది. అన్నాళ్ళూ అది పనిచేస్తూనే ఉంటుంది. ఈసీజీలో క్యూటీ అనే దూరాన్ని, అంటే ఒక్కో దెబ్బకి గుండె కింది గదులు పనిచేసి తేరుకోవడానికి పట్టే సమయాన్ని, సాగదీస్తూనే ఉంటుంది. సోటలాల్ చేసేదీ అదే పని. క్యూటీ మరీ సాగితే గుండె కింది గదుల్లో టోర్సాడ్ అనే మెలితిరిగిన లయ పుట్టి మనిషి క్షణాల్లో పడిపోవచ్చు. ఆ పేరు పెట్టింది 1966లో దెసెర్టెన్ అనే ఫ్రెంచి వైద్యుడు. విచిత్రమేమంటే, అమియోడరోన్ క్యూటీని ఎంత సాగదీసినా ఒంటరిగా టోర్సాడ్ తెప్పించడం అరుదు. సోటలాల్‌కి ఆ మర్యాద లేదు. అందుకే క్యూటీ మామూలు స్థితికి వచ్చేదాకా సోటలాల్ మొదలుపెట్టకూడదని ఆ మందు సమాచార పత్రంలోనే ఉంటుంది. ఇన్ని వారాలు అని అందులో రాయలేదు. ఎప్పుడు మొదలుపెట్టాలో క్యాలెండర్ కాదు, ఈసీజీ చెప్పాలి.

కొడుకుకి ఈ మాట ఇలా చెప్పాను: "పాత అద్దెవాళ్ళు తాళం ఇచ్చేశారు గానీ సామాను ఇంకా లోపలే ఉంది. కొత్తవాళ్ళని అప్పుడే దింపితే ఇల్లు చాలదు."

ఆరో వారానికి దడ దానంతటదే పోయి సైనస్ రిథమ్, అంటే గుండె మామూలు లయ, వచ్చింది. ఏడో వారానికి ఫ్రీ టీ4 మామూలుకి దిగింది. ఇంట్లోవాళ్ళు ఏ మందూ లేకుండానే తగ్గిపోయిందనుకున్నారు. లయని పట్టుకున్నది అప్పటికి ఏడు వారాల కిందట ఆపేసిన మందే.

ఆ నిశ్చింతలోనే ఐఎన్ఆర్ జారిపోయింది. అమియోడరోన్ రక్తం పలచబడే మాత్రని లివర్లో విరగనివ్వదు కాబట్టి, దాన్ని పెట్టినప్పుడే రోజుకి 3 మిల్లీగ్రాములున్న అసినోకౌమరాల్‌ని 1కి తగ్గించి ఉంచాం. థైరాయిడ్ ఎక్కువైతే గడ్డకట్టే పదార్థాలు త్వరగా ఖర్చైపోయి రక్తం ఇంకా పలచబడుతుంది. ఇప్పుడు ఆ రెండూ వెనక్కి పోతున్నాయి. ఒకటి నెమ్మదిగా, ఒకటి వేగంగా. రెండూ ఒకే దిక్కుకి, రక్తం చిక్కబడే దిక్కుకి. వారానికొకసారి పరీక్ష అన్నాను. మొదట 2.9, తర్వాత 2.5 వచ్చాయి. తర్వాత మూడు వారాలు ఎవరూ రాలేదు. ఆడపడుచు కూతురి పెళ్ళి. తొమ్మిదో వారంలో వచ్చినప్పుడు ఐఎన్ఆర్ 1.7. స్టెతస్కోప్ పెడితే వాల్వ్ టిక్‌మని స్పష్టంగానే కొట్టుకుంటోంది, ఎకోలో గడ్డలేమీ లేవు. ఊపిరి పీల్చుకున్నాను. రక్తం గడ్డకట్టకుండా ఎనాక్సపారిన్ ఇంజక్షన్లు పొట్టకి ఆరు రోజులు వేయించి, మాత్ర 2 మిల్లీగ్రాములకి, నెలన్నర తర్వాత ఒకరోజు 2, ఒకరోజు 3కి పెంచాను. గోంగూర పూర్తిగా మానెయ్యాలా అని ఆవిడ అడిగారు. నేనెవరినీ ఆకుకూర మానెయ్యమనను. వారం వారం ఒకేలా తినమంటాను, పరీక్ష మానొద్దంటాను.

క్యూటీ విషయానికి వస్తే, లెక్క నేనే చేత్తో వేస్తాను. మెషీన్ రాసిచ్చే అంకె ఉంటుంది గానీ, క్యూటీ చివర ఉండే టీ తరంగం చదునుగా ఉన్నప్పుడు అది ఎక్కడ ముగిసిందో మెషీన్ ఊహిస్తుంది. రెండో లీడ్‌లో చిన్న గడులు లెక్కపెడతాను. గడికి 40 మిల్లీసెకన్లు. అమియోడరోన్ మీదున్నప్పటి పాత ఈసీజీలో క్యూటీ 12 గడులు, రెండు కొట్టుకోవడాల మధ్య దూరం 25 గడులు, అంటే సరిగ్గా ఒక సెకను. కాబట్టి వేగానికి సవరించిన క్యూటీసీ కూడా 480. పదో వారంలో అది 462కి వచ్చింది. దారిలో పడ్డామనుకున్నాను. పదమూడో వారంలో మళ్ళీ 474.

పెరగకూడదు. పొటాషియం 4.2, బాగానే ఉంది. కొత్త మందులేమైనా వేసుకున్నారా అంటే లేదన్నారు. మర్నాడు ఇంట్లో ఉన్న మందులన్నీ పట్టుకురమ్మన్నాను. భర్త ఒక స్వీట్ డబ్బా తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు. కత్తిరించిన స్ట్రిప్పులు, దారంతో కట్టిన చీటీలు, సగం వాడిన జండూబామ్ సీసా. అందులోనే రెండు అమియోడరోన్ స్ట్రిప్పులు. ఒకటి నిండుగా ఉంది. రెండోదాంట్లో నాలుగు గుంటలు ఖాళీ, ఆ రేకు అంచులు ఇంకా తళతళలాడుతున్నాయి.

ఆవిడ తల వంచుకున్నారు. భర్తే చెప్పాడు: "మూడు నాలుగుసార్లు గుండె ఒక దెబ్బ తప్పినట్టు అనిపించిందంట సార్. పాతది బలమైన మందు కదా అని ఒక్కోటి వేసుకుంది. ఇరవై రోజుల మందు, పారేస్తే పాపమని దాచాం."

నాలుగు మాత్రలకి 12 మిల్లీసెకన్లు పెరుగుతాయా అంటే కచ్చితంగా చెప్పలేను. ఒక ఈసీజీకీ ఇంకోదానికీ ఆ మాత్రం తేడా మామూలుగానే రావచ్చు. కానీ ఆ డబ్బా బల్ల మీద పడకపోయి ఉంటే, సోటలాల్ మొదలయ్యాక కూడా దడ వచ్చిన రోజున ఇంకో నాలుగు వేసుకునేవారు. ఆ సంగతి నాకు చెప్పలేదని కోప్పడాలనిపించింది. కోప్పడలేదు. "ఆపండి" అన్నాను గానీ "మిగిలినవి ఏం చేశారు" అని నేనూ ఎప్పుడూ అడగలేదు. రెండు స్ట్రిప్పులూ తీసుకుని నా సొరుగులో వేసుకున్నాను.

ఇరవై రెండో వారం. క్యూటీ పదిన్నర గడులు, దూరం 24 గడులు, క్యూటీసీ 429. సోటలాల్‌కి మొదలుపెట్టే హద్దు 450. టీఎస్‌హెచ్ మామూలు. స్టెరాయిడ్ ఆపి నెలన్నర దాటింది. ప్రొప్రనలాల్ మెల్లగా తగ్గించి తీసేశాం. సోటలాల్‌లో బీటా బ్లాకర్ గుణం కూడా ఉంది, రెండూ కలిస్తే గుండె మరీ నెమ్మదిస్తుంది.

కిడ్నీ లెక్క దగ్గర ఒక మాట. సోటలాల్ లివర్ని తాకదు, దాదాపు మొత్తం మూత్రంలోనే పోతుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఆవిడకి 0.8. రిపోర్టులో పక్కన నార్మల్ అని ఉంటుంది, ఎవరూ రెండోసారి చూడరు. వయసు 54, బరువు 50, ఆడమనిషి అని సూత్రంలో వేస్తే క్లియరెన్స్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం, 63 వచ్చింది. 60 దాటితే రోజుకి రెండుసార్లు, 40 నుంచి 60 మధ్య ఒక్కసారే, 40 లోపు అసలు వద్దు. క్రియాటినిన్ 0.9 ఉండి ఉంటే అదే మనిషికి 56 వచ్చి మోతాదు సగమయ్యేది. మన దగ్గర సన్నటి పెద్దవయసు ఆడవాళ్ళ విషయంలో ఆ పాయింట్ ఒకటి మోతాదునే మార్చేస్తుంది.

మూడు రోజులు అడ్మిషన్, మానిటర్ మీద. 80 మిల్లీగ్రాములు పొద్దున, రాత్రి. ప్రతి డోసు తర్వాత రెండు నుంచి నాలుగు గంటల్లో ఈసీజీ. ఇంట్లో ఉండి వేసుకుంటే కాదా అని ఖర్చు భయంతో అడిగారు. కాదన్నాను. ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ మొదటి రోజుల్లోనే.

మొదటి డోసుకి 438, రెండోదానికి 446. మూడోదానికి 490. వేగం నిమిషానికి 60. హద్దు 500, ఇంకా దాటలేదు. అయినా ఒక్క డోసులో 44 మిల్లీసెకన్లు ఎగబాకడం సోటలాల్ ఒక్కదాని పనిలా అనిపించలేదు. నర్సు దగ్గర కేస్ షీట్ తీసుకుని చూశాను. అంతకుముందు రాత్రి నాలుగు వాంతులయ్యాయి. తాగిన పాలు పడలేదట. డ్యూటీ డాక్టరు ఒండాన్‌సెట్రాన్ ఇంజక్షన్ రెండుసార్లు వేశాడు. వాంతులకి ఎవరైనా రాసే మందే, అతను కుర్రాడు. కానీ అది కూడా క్యూటీని సాగదీస్తుంది. పైగా వాంతులు, నీరు పోయే టార్సెమైడ్ మాత్ర కలిసి పొటాషియం 4.1 నుంచి 3.4కి లాగేశాయి. మూడూ ఒకే రాత్రి ఒకే దారిలో తోశాయి. కేస్ షీట్ మీద క్యూటీ పెంచే మందులు వద్దని ఎర్ర అక్షరాల్లో నేను రాసి ఉండాల్సింది.

ఆ రాత్రి డోసు ఆపేశాను. మెగ్నీషియం ఎక్కించాం, పొటాషియం సిరప్‌తో మర్నాటికి 4.3 చేశాం. పొద్దున క్యూటీసీ 452. మధ్యాహ్నం దాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టాం. లెక్క మొదటికి వచ్చింది. మూడు రోజుల అడ్మిషన్ ఐదు దాటింది. వెళ్ళేనాటికి 456 దగ్గర నిలబడింది. కొడుకు బిల్లు చూసి నాతో ఏమీ అనలేదు గానీ, మొహంలో తెలిసింది.

డిశ్చార్జి సమ్మరీతో పాటు క్యూటీని సాగదీసే మందుల పేర్లతో ఒక చీటీ ఇచ్చాను, తెలుగులో, చేత్తో రాసి: అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్ససిన్, ఫ్లూకొనజోల్, డోంపెరిడోన్, ఒండాన్‌సెట్రాన్. మెడికల్ షాపులో ఎవరు ఇచ్చినా ముందు ఫోన్ చెయ్యండి. విరేచనాలు, వాంతులు పట్టుకుంటే అదే రోజు ఫోన్ చెయ్యండి. ఒక డోసు మర్చిపోతే తర్వాతది రెట్టింపు వద్దు. స్వీట్ డబ్బా మూత లోపలి వైపు అంటించమన్నాను. అంటించారు.

వేసవి దాటింది. దడ రెండుసార్లు వచ్చి గంటలోపే పోయింది. ఐఎన్ఆర్ 2.8 చుట్టూ తిరుగుతోంది. మే నెలాఖరులో ఎండదెబ్బకి విరేచనాలు పట్టుకుంటే చెప్పినట్టే ఫోన్ చేశారు. కొడుకుతో రక్తపరీక్షకి పంపించమన్నాను. పొటాషియం బాగుంది. తగ్గాక వారానికి మళ్ళీ చేయించినా క్రియాటినిన్ 0.9 దగ్గరే నిలిచింది. ఇప్పుడు వయసు 55, బరువు 52. వేసి చూస్తే 58. రాత్రి మాత్ర తీసేసి పొద్దున ఒక్కటే చేశాను, వారంలో ఈసీజీకి రమ్మన్నాను.

ఆవిడ డబ్బా తెరిచి స్ట్రిప్పులు బయటికి తీశారు. "మరి రాత్రివి మిగిలిపోతాయి కదా డాక్టరుగారూ, వీటినేం చెయ్యమంటారు?"

పొద్దుటి మాత్రలకి లెక్కపెట్టి ఉంచి, మిగతావి ఇమ్మని చెయ్యి చాపాను.